తాయెత్తులు తగలబెట్టిన ప్రొఫెసరు: ఫ్రిట్జ్ లైబర్ నవల ‘కాంజర్ వైఫ్’

అమెరికన్ భయానక సాహిత్యంలో కళాశాల నేపథ్యంగా వచ్చిన నవలలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం విద్యార్థుల కథలు. అధ్యాపకుల ఇళ్ళలోకి, అందులోనూ వాళ్ళ భార్యల అలంకరణ గదుల్లోకి తొంగిచూసిన నవల ఫ్రిట్జ్ లైబర్ (1910–1992) రాసిన ‘కాంజర్ వైఫ్’. అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతి ప్రజల్లో వాడుకలో ఉన్న తాంత్రిక విద్యకు ‘కాంజర్’ అని పేరు. ఆ లెక్కన నవల పేరుకి ‘మంత్రాలు వేసే ఇల్లాలు’ అని అర్థం చెప్పుకోవచ్చు. 1943 ఏప్రిల్‌లో ‘అన్‌నోన్ వరల్డ్స్’ పత్రికలో మొదట అచ్చయిన ఈ రచన 1950ల తొలినాళ్ళలో పుస్తకంగా వచ్చింది. 2019లో డబ్లిన్‌లో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభలో, 1943 నాటి రచనలకు ఇచ్చిన రెట్రో హ్యూగో పురస్కారాలలో ఉత్తమ నవల బహుమతి దీనికే దక్కింది.

ఎనభై ఏళ్ళు దాటిన ఈ నవలను ఇప్పుడు చదవవలసిన అవసరం ఏమిటి? చేతబడి నిజమా అబద్ధమా అన్న పాత ప్రశ్నకు ఇందులో కొత్త జవాబేమీ లేదు. చదువుకున్న హేతువాది తన ఇంట్లోని నమ్మకాన్ని ఎలా ఎదుర్కొంటాడు, ఏ అధికారంతో దాన్ని తీసివేయిస్తాడు, తీసివేయించిన తరువాత జరిగినదానికి ఎవరు బాధ్యులు అన్న ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. అమెరికాలో కొన్న కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించే ఇంజనీర్ల ఇళ్ళకూ, పసిబిడ్డకు దిష్టిచుక్క పెట్టనిదే గడప దాటించని డాక్టర్ల ఇళ్ళకూ ఈ ప్రశ్నలు పరాయివి కావు.

ఒక సాయంత్రం, రెండు ఫోన్లు

నార్మన్ సేలర్ హెంప్‌నెల్ అనే చిన్న ఊరి కళాశాలలో సోషియాలజీ ప్రొఫెసరు. మూఢనమ్మకాలకూ మానసిక రుగ్మతలకూ ఉన్న పోలికల మీద పుస్తకం రాసినవాడు. ఒకరోజు భార్య టాన్సీ ఇంట్లో లేని వేళ, ఏదో తోచక ఆమె అలంకరణ గదిలో సొరుగులు తెరుస్తాడు. శ్మశానపు మట్టి పొట్లాలు, కత్తిరించిన గోళ్ళు, గుర్రపు నాడాల మేకులు, గుడ్డలో చుట్టిన మూలికలు బయటపడతాయి. నార్మన్ క్షేత్ర పరిశోధన కోసం దక్షిణాదికి వెళ్ళినప్పుడల్లా టాన్సీ వెంట వెళ్ళింది. అతను నోట్సుగా రాసుకున్నదాన్ని ఆమె ఆచరణగా నేర్చుకుంది. ఇన్నేళ్ళుగా భర్త ఉద్యోగాన్నీ, ఆరోగ్యాన్నీ, అదృష్టాన్నీ ఈ వస్తువులతో కాపలా కాస్తోంది.

నార్మన్ కోపగించుకోడు. ఓపిగ్గా వాదిస్తాడు, ప్రశ్నిస్తాడు, విశ్లేషిస్తాడు. ఆ సాయంత్రమే ఇల్లంతా గాలించి దొరికిన ప్రతి తాయెత్తునూ ఇద్దరూ కలిసి నిప్పుల్లో వేస్తారు. మిగిలిన ఒక్కటి కూడా కాలిపోయిన కాసేపటికే ఫోను మోగుతుంది: పరీక్ష తప్పి కాలేజీ నుంచి వెళ్ళిపోయిన విద్యార్థి ఒకడు, తన పతనానికి నార్మనే కారణమని బెదిరిస్తాడు. వెనువెంటనే ఇంకో ఫోను: ఒక స్త్రీ గొంతు అసభ్యంగా మాట్లాడుతుంది. అక్కడి నుంచి ఒకటొకటిగా చిక్కులు. ఒక విద్యార్థిని అతని ప్రవర్తన మీద ఆరోపణ చేస్తుంది. అతని పుస్తకం ఎవరిదో పాత పరిశోధన వ్యాసానికి నకలన్న అనుమానం పుడుతుంది. ఖాయమనుకున్న శాఖాధిపతి పదవి సహోద్యోగి హెర్వీ సాటెల్‌కి పోతుంది. కిటికీలోంచి కనిపించే ఎదురు భవనం కప్పు మీది సిమెంటు డ్రాగన్ బొమ్మ రోజురోజుకీ కొద్దిగా చోటు మారుతున్నట్టు అనిపిస్తుంది.

కథలో రహస్యం అనదగ్గది తొందరగానే తెలిసిపోతుంది. ఆ ఊళ్ళో టాన్సీ ఒక్కతే కాదు. సాటెల్ భార్య ఎవెలిన్, డీన్ గన్నిసన్ భార్య హుల్డా, మహిళా విద్యార్థుల డీన్, గణితాచార్యుడి భార్య అయిన ఫ్లోరా కార్, ముగ్గురూ ఇదే విద్యలో ఆరితేరినవాళ్ళు. ఇంతకాలం టాన్సీ కట్టిన కంచె వల్ల వాళ్ళ ప్రయోగాలు పారలేదు. నార్మన్ తన చేతులతో ఆ కంచె తగలబెట్టాడు.

హెంప్‌నెల్ నవ్వులు

లైబర్‌కి కాలేజీ వాతావరణం కొత్త కాదు. షికాగో విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం చదివాడు. 1941–42లో కాలిఫోర్నియాలోని ఆక్సిడెంటల్ కాలేజీలో ప్రసంగ, నాటక కళలు బోధించాడు. తల్లిదండ్రులిద్దరూ షేక్‌స్పియర్ నాటకాలు ఆడిన నటులు కావడంతో, ముగ్గురు మంత్రగత్తెల దృశ్యం అతనికి ఇంటి సరుకే. ఆ ముగ్గురినీ చలిగాలి వీచే బీడు నుంచి తీసుకువచ్చి, అధ్యాపకుల ఇంట్లో పేకాట బల్ల చుట్టూ కూర్చోబెట్టడం అతని అసలైన చమత్కారం.

నవలలో హాస్యం మాటల విరుపుల్లో లేదు, కొలతల్లో ఉంది. ఒక వైపు మనిషి ఆత్మను లాగేయగల శక్తులు. మరో వైపు ఆ శక్తులతో సాధించదలచిన ప్రయోజనం, ఒక అనామక కాలేజీలో సోషియాలజీ శాఖాధిపతి కుర్చీ. కాలేజీ రాజకీయాలు తెలిసినవాళ్ళకు ఈ అసమానత అతిశయోక్తిగా తోచదు. ట్రస్టీలకు భయపడే అధ్యక్షుడు, పరువు గురించి తప్ప మరిదేని గురించీ ఆలోచించని ప్రచార విభాగం, నాటకాల వాళ్ళను ఇంటికి పిలిచి విందు చేసుకున్న ప్రొఫెసరు గురించి ఏళ్ళ తరబడి సాగే గుసగుసలు, వీటిలో ఏ ఒక్కటీ మంత్రాల వల్ల పుట్టినది కాదు. మంత్రాలు లేకపోయినా హెంప్‌నెల్ ఇలాగే ఉంటుంది. నార్మన్‌కి జరిగిన ప్రతి నష్టానికీ మామూలు కారణం ఒకటి అక్కడే సిద్ధంగా ఉంటుంది: అసూయ, పుకారు, దిగులుపడ్డ విద్యార్థి, పిరికి అధికారి. చేతబడి ఈ కారణాలను కొత్తగా సృష్టించదు, ఉన్నవాటిని ఒక వరసలో పేరుస్తుంది.

ఈ పద్ధతి వెనుక పత్రిక ప్రభావం కూడా ఉంది. జాన్ డబ్ల్యూ. కాంప్‌బెల్ సంపాదకత్వంలో 1939 నుంచి 1943 వరకు నడిచిన ‘అన్‌నోన్’, అద్భుతాలకు కూడా తర్కం ఉండాలని పట్టుబట్టిన పత్రిక. దయ్యం ఉండవచ్చు, కానీ దానికి నియమాలు ఉండాలి. లైబర్ ఈ షరతును అక్షరాలా పాటించాడు. టాన్సీ ఆత్మను తిరిగి తెచ్చుకోవలసి వచ్చినప్పుడు నార్మన్ వివిధ జాతుల మంత్రవిధానాలను పక్కపక్కన పెట్టి, వాటిలోని ఉమ్మడి అంశాలను ప్రతీకాత్మక తర్కం గుర్తుల్లోకి మారుస్తాడు. ఆ సమీకరణాలను సులువు చేసిపెట్టమని గణితాచార్యుడు కార్‌ని అడుగుతాడు. అది ఏదో సామాజిక శాస్త్ర సమస్య అనుకుని, ఆ పెద్దమనిషి ఉత్సాహంగా పరిష్కరించి ఇస్తాడు. తన భార్య పన్నిన వ్యూహానికి విరుగుడు తన చేత్తోనే రాసి ఇచ్చానని ఆయనకు తెలియదు. నవల మొత్తానికి ఇంతకన్నా నల్లని హాస్యం లేదు.

ఒకే రోగి మీద ప్రయోగం

నార్మన్ చేసిన పనిని వైద్య పరిభాషలో చెబితే, ఒకే రోగి మీద జరిపిన ఉపసంహరణ ప్రయోగం. ఏళ్ళుగా వాడుతున్న మందు ఒక్క రోజులో ఆపించాడు. ఆ తరువాత లక్షణాలు విజృంభించాయి. అయితే మందు పనిచేస్తోందని రుజువైనట్టేనా? కానక్కరలేదు. మందు ఆపామన్న సంగతి రోగికీ తెలుసు, వైద్యుడికీ తెలుసు. పోల్చి చూడడానికి మరో నార్మన్ లేడు. పైగా ఆ రాత్రి నుంచి అతను ప్రతి చిన్న దెబ్బనూ లెక్కపెడుతున్నాడు. గడ్డం గీసుకుంటుంటే గాయమైతే అంతకుముందు మరచిపోయేవాడు, ఇప్పుడు గుర్తుపెట్టుకుంటున్నాడు.

ఇక్కడ లైబర్ ప్రతిభ ఏమిటంటే, ఈ అభ్యంతరాలన్నీ నార్మన్‌కే తెలుసు. కాకతాళీయం, ఎంపిక చేసిన జ్ఞాపకం, అపరాధ భావన, అన్నిటినీ తనకు తానే చెప్పుకుంటాడు. అవి తప్పు కావు కూడా. కాకపోతే అవి అతని భయాన్ని తగ్గించలేవు. సరైన వివరణ దొరికితే భయం పోతుందన్న నమ్మకమే ఈ నవలలో మొదట కూలే మూఢనమ్మకం.

నవల వెలువడిన అయిదేళ్ళకు, 1948లో, మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల ‘మూఢనమ్మకం’ మీద ప్రసిద్ధమైన వ్యాసం ప్రచురించాడు. పావురం ఏం చేసినా చేయకపోయినా, నిర్ణీత వ్యవధిలో గింజలు పడే ఏర్పాటు చేశాడు. గింజలు పడిన క్షణాన తాను చేస్తున్న పనే వాటిని రప్పించిందన్నట్టుగా, ఒక పావురం గుండ్రంగా తిరగడం, మరొకటి మూలకు తల పొడవడం అలవాటు చేసుకున్నాయి. నార్మన్ కూడా టాన్సీకి సరిగ్గా ఇలాంటి పాఠమే చెబుతాడు. అయితే పావురాన్ని తిరగడం మానిపించినవాడు గింజల పంపిణీ తన చేతిలో ఉందని ఎరుగును. నార్మన్ చేతిలో ఏ పంపిణీ లేదు. హెంప్‌నెల్‌లో గింజలు ఎవరు వేస్తున్నారో తెలియకుండానే తిరగడం మానేయమని ఆజ్ఞాపించాడు.

భయానికి శరీరం ఉంది

నవలకు ఒక ఏడాది ముందు, 1942లో, హార్వర్డ్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ ‘అమెరికన్ ఆంత్రొపాలజిస్ట్’ పత్రికలో ‘వూడూ మరణం’ అన్న వ్యాసం రాశాడు. శాపం తగిలిందని నమ్మిన మనిషి, ఏ గాయమూ లేకుండా, కొద్ది రోజుల్లో చనిపోయిన ఉదంతాలను ఆయన కొట్టిపారేయలేదు. తీవ్రమైన, ఎడతెగని భయం సింపథెటిక్ నాడీవ్యవస్థను విరామం లేకుండా ఉద్రేకపరిస్తే, రక్తపు పోటు పడిపోయి షాక్‌తో మరణం సంభవించవచ్చునని ప్రతిపాదించాడు. ఆయన సేకరించిన ఉదంతాల మీద తరువాత సందేహాలు వచ్చినా, మూల ప్రశ్న నిలిచింది. మందు హాని చేస్తుందన్న అనుమానమే హాని చేసే స్థితికి 1961లో ‘నొసీబో’ అన్న పేరు వచ్చింది. హఠాత్తుగా కలిగిన దుఃఖానికో భయానికో గుండె ఎడమ జఠరిక ఉబ్బి బలహీనపడే ‘టకొట్సుబో’ స్థితిని 1990లో జపాన్ వైద్యులు వర్ణించారు. ఆ ఉబ్బిన ఆకారం ఆక్టోపస్‌లను పట్టే కుండలా ఉండడం వల్ల వచ్చిన పేరది.

లైబర్ ఆ వ్యాసం చదివాడా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. శాపానికి శక్తి లేదనడమూ, శాపం తగిలిన మనిషికి ఏమీ కాదనడమూ ఒకటి కావన్న ఎరుక ఆ కాలపు శాస్త్రంలో ఉంది, నవలలోనూ ఉంది. తాయెత్తు ఉత్త మట్టి పొట్లమే కావచ్చు. దాన్ని తీసివేసినప్పుడు టాన్సీ కోల్పోయినది మాత్రం మట్టి కాదు. పదేళ్ళకు పైగా ఆమె భయాన్ని పట్టి ఉంచిన కట్టడం అది. రోగి ఆధారపడిన ఊతకర్ర పుచ్చినదని చెప్పడం వైద్యుడి ధర్మమే. కాని లాగేసేముందు రోగి నిలబడగలడో లేదో చూడడం కూడా అతని ధర్మమే. నార్మన్ మొదటిది చేసి, రెండోది మరిచాడు. అతని తప్పు హేతువాదంలో లేదు, తొందరలో ఉంది. ఆ రాత్రి ఆమె అతని మాట విన్నది వాదనకు ఒప్పుకునా, భర్త మాట కాదనలేకా అని అతను ఒక్కసారి కూడా అడగడు.

పుస్తకం ఎవరిది?

నార్మన్ పేరు తెచ్చుకున్న పుస్తకం వెనుక ఇద్దరి శ్రమ ఉంది. టాన్సీ అతనికి సహాయకురాలు, తోడు ప్రయాణికురాలు, రాతపని చేసిపెట్టిన మనిషి. పుస్తకం బయటికి వచ్చాక కీర్తి ఒకరిది, ఆచరణ మరొకరిది. అధ్యాపకుల భార్యలకు సొంత ఉద్యోగం, సొంత పేరు అరుదైన రోజుల్లో, భర్త పదోన్నతే భార్య జీవితానికి కొలమానం. ఎవెలిన్ సాటెల్ తెలివైనది, పట్టుదల గలది. ఆ గుణాలతో ఆమె చేయగలిగింది అసమర్థుడైన భర్తను శాఖాధిపతిని చేయడం ఒక్కటే. చేతబడిని ఈ కోణంలో చూస్తే, అది కంటికి కనిపించని ఇంటిచాకిరీకి మరో పేరు. అది సాగుతున్నంతకాలం ఎవరూ గమనించరు. ఆగిపోయిన రోజున ఇల్లు కూలుతుంది.

అయితే లైబర్ గమనించని అన్యాయం ఇంకొకటి ఉంది. ఈ విద్య దక్షిణాది నల్లజాతి ప్రజలది. నవలలో వాళ్ళు నార్మన్ నోట్సులో ఉంటారు, టాన్సీ సొరుగులో ఉంటారు, కథలో మాత్రం నిలబడి మాట్లాడే పాత్రలుగా ఉండరు. ఇదే విషయం మీద జోరా నీల్ హర్‌స్టన్ ‘మ్యూల్స్ అండ్ మెన్’ అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1935లో వచ్చింది. ఫ్రాంజ్ బోయాస్ దగ్గర మానవశాస్త్రం చదివిన ఈ నల్లజాతి రచయిత్రి, న్యూ ఓర్లీన్స్ మంత్రవిద్యల గురువుల దగ్గర స్వయంగా దీక్ష తీసుకుని రాసింది. ఆమె పుస్తకంలో ఆ గురువులకు పేర్లున్నాయి, గొంతులున్నాయి, అహంకారాలున్నాయి. హర్‌స్టన్‌ని చదివినవాళ్ళకు లైబర్ నవలలో ఒక ఖాళీ కనిపిస్తుంది. నార్మన్ టాన్సీ శ్రమను వాడుకున్నాడని నవలకు తెలుసు. నార్మన్, టాన్సీ ఇద్దరూ కలిసి ఎవరి విద్యను ఊరకే తెచ్చుకున్నారో మాత్రం నవల అడగదు.

స్త్రీలందరూ మంత్రగత్తెలేనా?

ఈ నవల మీద ఉన్న పెద్ద అభియోగం స్త్రీద్వేషం. పురుషులు హేతువుతో లోకాన్ని నడుపుతుంటే, స్త్రీలు వెనుక నుంచి చీకటి శక్తులతో దాన్ని తిప్పుతుంటారన్న ఊహ, పాత ద్వేషాలన్నిటికన్నా పాతది. దీన్ని పూర్తిగా తోసిపుచ్చలేము. ముఖ్యంగా ఫ్లోరా కార్ పాత్ర. వయసు మళ్ళిన ఆమె, టాన్సీ యౌవన శరీరాన్ని కాజేసి అందులో తాను బతకాలనుకుంటుంది. ఆ కోరికలో విషాదం ఉంది. లైబర్ దాన్ని జుగుప్సగా మాత్రమే చూపించాడు. ముసలి స్త్రీకి కోరిక ఉండడమే భయానకం అన్నట్టు రాసిన ఆ పుటలు ఇవాళ ఇబ్బంది పెడతాయి.

కానీ అభియోగం అక్కడితో ముగియదు. కథ ఆసాంతం నార్మన్ వెంటే నడుస్తుంది. స్త్రీలంతా రహస్యం దాస్తున్నారన్న భావన అతని బుర్రలో పుట్టింది. మధ్యలో ఒకచోట తలకిందులయ్యే ఘట్టం ఉంది. భర్త మీద పడ్డ శాపాలన్నిటినీ టాన్సీ తన మీదికి మార్చుకుని, అతనికి చెప్పకుండా ఊరు విడిచిపోతుంది. సముద్రం తనను పిలుస్తోందని ఆమెకు తెలుసు. ప్రయాణం మధ్యలో హడావుడిగా రాసిన సూచనలు నార్మన్‌కు ముక్కలు ముక్కలుగా అందుతాయి. అర్ధరాత్రిలోగా ఫలానా వస్తువులతో ఫలానా క్రియ చేయాలి. ఇన్నాళ్ళూ ఎగతాళి చేసిన పనినే ఆ ప్రొఫెసరు చేతులు వణుకుతుండగా చేస్తాడు, కాస్తలో ఆలస్యమవుతాడు. తిరిగి వచ్చిన టాన్సీలో ఆత్మ ఉండదు. అడిగినదానికి జవాబు చెబుతుంది, చెప్పిన పని చేస్తుంది, ఎదురు మాట్లాడదు. భర్త చెప్పినట్టల్లా వినే భార్య ఎలా ఉంటుందో ఆ అధ్యాయాల్లో చూపించాడు లైబర్. ఆ బొమ్మను చూసి నార్మన్ భయపడినట్టు నవలలో మరెక్కడా భయపడడు. మొదటి సాయంత్రం అతను కోరుకున్న విధేయతకు ఇది చివరి రూపం.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక తేడాను గమనించాలి. తెలంగాణ పల్లెల్లో బాణామతి అనుమానం సాధారణంగా ఏ అండా లేనివాళ్ళ మీద, పేదల మీద, ఒంటరి ఆడవాళ్ళ మీద పడుతుంది. ఆ అనుమానం మనుషుల ప్రాణాలు తీసింది. లైబర్ మంత్రగత్తెలు హోదా, ఇల్లు, పరువు ఉన్న ఇల్లాళ్ళు. వాళ్ళను ఎవరూ చెట్టుకు కట్టేయరు. అందుకే ఈ నవలలో నవ్వడానికి చోటుంది. ఆ చోటు ఎవరి భద్రత వల్ల దొరికిందో గుర్తుంచుకోవడం చదువరి బాధ్యత.

తెర మీద పోగొట్టుకున్నవి

నవల మూడుసార్లు సినిమా అయింది. 1944 నాటి ‘వియర్డ్ వుమన్’ మంత్రాన్ని తీసివేసి, దోషం మొత్తం అసూయపడిన ఒక స్త్రీ మీద పెట్టింది. 1962లో బ్రిటన్‌లో వచ్చిన ‘నైట్ ఆఫ్ ది ఈగిల్’ వీటిలో ఉత్తమం. అందులో హెంప్‌నెల్ ఒక వైద్య కళాశాల అయింది, సిమెంటు డ్రాగన్ రాతి గద్ద అయింది. భయం బాగా పండింది. కానీ ముగ్గురు ప్రత్యర్థుల స్థానంలో ప్రధానంగా ఒక్కరే మిగిలారు. దానితో ఊరంతా అల్లుకున్న నిశ్శబ్ద యుద్ధం ఒక వ్యక్తి దుర్మార్గంగా కుంచించుకుపోయింది. 1980 నాటి ‘విచెస్ బ్రూ’ హాస్యాన్ని మాత్రమే పట్టుకుంది. నవలలో నవ్వూ భయమూ ఒకే వాక్యంలో ఉంటాయి. సినిమాలు వాటిని విడదీసి పంచుకున్నాయి.

తెలియదనడం

చేతబడికీ శాస్త్రానికీ మధ్య నిలబడిన నవల అనగానే తెలుగువారికి యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ గుర్తుకొస్తుంది. అందులోనూ చేతబడికి ఎదురుగా వైద్య, మనోవైజ్ఞానిక వివరణలు నిలబడతాయి. ఏది నమ్మాలో పాఠకుడికే వదిలేసే ఏర్పాటుంది. ఆ ఏర్పాటు మూఢనమ్మకానికి దొడ్డిదారి అని రంగనాయకమ్మ వంటివారు తీవ్రంగా విమర్శించారు. ఆ విమర్శ లైబర్‌కి వర్తిస్తుందా?

కొంతవరకే. ‘తులసిదళం’లో రెండు వివరణలూ పాఠకుడి ముందు పోటీపడతాయి. ‘కాంజర్ వైఫ్’లో ఆ పోటీ నార్మన్ అనే ఒక్క మనిషి లోపల జరుగుతుంది, దానికి అతను మూల్యం చెల్లిస్తాడు. అన్నీ ముగిశాక, ఇదంతా నిజంగా నమ్ముతున్నావా, నా కోసం నమ్మినట్టు నటించావా అన్న ప్రశ్న టాన్సీ నుంచి వచ్చినప్పుడు, తనకు తెలియదని మాత్రమే అంటాడు. మొదటి అధ్యాయంలో ఇదే మనిషికి అన్నీ తెలుసు. భార్య భయానికి కారణమూ తెలుసు, చికిత్సా తెలుసు, గడువూ తెలుసు. ఒక సాయంత్రం చాలుననుకున్నాడు.

ఈ జవాబును హేతువాదం ఓటమిగా చదవడం తొందరపాటు. తాయెత్తులకు శక్తి ఉందని నార్మన్ ఒప్పుకోలేదు. తనకు అర్థం కానిదాన్ని కూడా మరో మనిషి కోసం శ్రద్ధగా చేయవలసి రావచ్చని మాత్రం నేర్చుకున్నాడు. మంచి వైద్యులు వృత్తిలోకి వచ్చిన కొన్నేళ్ళకు నేర్చుకునే పాఠం ఇదే. రోగి మెడలోని తాయెత్తును తెంపించే ముందు, దాన్ని ఎవరు కట్టారో, ఏ రాత్రి కట్టారో అడిగి తెలుసుకోవడం. అడిగిన తరువాత కూడా తాయెత్తు తాయెత్తే, మందు మందే. అడగడం వల్ల మారేది వాటి మధ్య ఉన్న మనిషి మీద మనకుండే హక్కు.